బూరుగు చెట్టు ఎక్కడుంది అమ్మమ్మా?

గోదావరి గట్టున పుట్టిన పిల్లలకు గోదావరి పాఠ్యపుస్తకంలోనే కనబడితే ఎలా? కథతో మొదలుపెట్టి, కళ్ళతో చూపించి, సొంత మాటల్లో రాయించగలిగితే ఆ డెల్టా అంతా వాళ్ళకో బడే. రాజమండ్రి నుంచి కోరింగ మడ అడవుల దాకా... పిల్లల చెయ్యి పట్టుకుని ఓసారి వెళ్ళొద్దాం రండి.

అనగనగా గోదావరి ఒడ్డున ఓ పెద్ద బూరుగు చెట్టు. దాని మీద రకరకాల పక్షులు. ఓ రోజు తెల్లవారుజామున వేటగాడొచ్చి నూకలు చల్లి వల పన్నాడు. పావురాల గుంపు వచ్చి అందులో చిక్కుకుంది. రాజు చిత్రగ్రీవుడు చెప్పినట్టు పావురాలన్నీ ఒక్కసారిగా రెక్కలాడించి వలతో సహా ఎగిరిపోయాయి. హిరణ్యకుడనే ఎలుక వల తాళ్ళు కొరికింది. లఘుపతనకుడనే కాకి ఇదంతా చూసింది.

ఈ కథ తెలియని తెలుగిల్లు ఉండదేమో. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో మిత్రలాభం మొదలయ్యేది ఇక్కడే... మన గోదారి గట్టునే. అన్నం ముద్దలు తినిపిస్తూ అమ్మమ్మ ఈ కథ చెబుతుంది. ‘కలిసుంటే కలదు సుఖం’ అని నీతి చెప్పి ముగించేస్తుంది. మనవరాలు మాత్రం అక్కడితో వదలదు. ‘బూరుగు చెట్టు ఎక్కడుంది అమ్మమ్మా? మనం చూడొచ్చా?’ అంటుంది.

సరిగ్గా ఇక్కడే చాలా ఇళ్ళలో కథ ఆగిపోతుంది. ‘ఎక్కడో ఉంటుందిలే, పడుకో’ అంటారు పెద్దవాళ్ళు. అలా అనకుండా మర్నాడు పిల్లని తీసుకెళ్ళి చెట్టు చూపిస్తే? ప్రకృతి పాఠానికి అంతకంటే మంచి మొదలు ఉండదు.

కథలోంచి చెట్టు కిందికి

బూరుగు చెట్టును వెతకడానికి మాఘ, ఫాల్గుణాలు మంచి కాలం. అప్పటికి ఆకులన్నీ రాల్చేసి, కొమ్మల నిండా ఎర్రటి పూలతో దూరం నుంచే కనిపిస్తుంది. మొక్క లేతగా ఉన్నప్పుడు మాను నిండా ముళ్ళుంటాయి. తేనె కోసం కాకులు, గోరింకలు, తేనెపిట్టలు పొద్దున్నే చేరతాయి. కథలో చెప్పిన ‘రకరకాల పక్షులు’ అబద్ధం కాదన్నమాట! పూలు రేకులు విడిపోకుండా పువ్వు పువ్వుగానే కిందపడతాయి. ఎండలు ముదిరాక కాయలు పగిలి దూది ఎగురుతుంది. ఆ దూదిని దిండ్లలో కూరేవాళ్ళని అమ్మమ్మ చెబితే, విత్తనానికి దూది ఎందుకో పిల్ల అడుగుతుంది. గాల్లో ఎగిరి దూరంగా పడి మొలకెత్తడానికి. కథ, ఇంటి ముచ్చట, శాస్త్రం... మూడూ ఒక్క చెట్టు కిందే దొరికాయి.

రాజమండ్రికి సమీపంలో బూరుగుపూడి అనే ఊరే ఉంది. మామిడికుదురు, తాటిపాక, చింతలపూడి... గోదావరి జిల్లాల్లో బస్సెక్కితే బోర్డుల మీద చెట్లే చెట్లు. ప్రయాణంలో పిల్లలకు విసుగు పుట్టకుండా ‘ఊరి పేరులో చెట్టు’ ఆట ఆడించొచ్చు. ఆ ఊళ్ళో ఆ చెట్టు ఇంకా ఉందా లేదా అన్నది తరువాతి ప్రశ్న.

జంతువులను కథల్లో పాత్రలుగా చూడటం ఒకటి, వాటి బతుకును బతుకుగా చూడటం ఇంకొకటి. తెలుగులో ఈ రెండో పనికి తొలినాళ్ళలోనే పూనుకున్నదీ రాజమండ్రి మనిషే. కందుకూరి వీరేశలింగం (1848-1919) అంటే వితంతు వివాహాలే గుర్తొస్తాయి. కానీ చిన్నయసూరి రాయకుండా వదిలేసిన సంధి, విగ్రహాలను తెలుగులో రాసిన ఆయనే, ‘జంతు స్వభావ చరిత్రము’ అనే పుస్తకమూ రాశారు. శరీర శాస్త్రం, ఖగోళం, పదార్థాల గురించీ తేట తెలుగులో చెప్పే ప్రయత్నం చేశారు. ఇంకో విశేషం... 1870లలో ఆయన ముందు కోరంగి బడిలో, ఆ తరువాత ధవళేశ్వరం బడిలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. ఒకటి గోదావరి చీలే చోటు, ఇంకొకటి సముద్రంలో కలిసే చోటు. మన ప్రయాణం కూడా ఆ రెండూళ్ళ మధ్యే.

ధవళేశ్వరం... అంకెల్లో వరద

నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1465 కిలోమీటర్లు నడిచే గోదావరి, ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని రెండుగా విడిపోతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. పేర్లన్నీ పురాణాలవే. గౌతమ మహర్షి ఆవు కథ చెప్పకుండా ఈ నది పుట్టుక చెప్పలేరెవరూ. అవతలి ఒడ్డున కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉన్నది ఆ ఆవు పేరు మీదే. పిల్లలకు ముందు ఆ కథే చెప్పండి. తరువాత గుప్పెడు ఒండ్రుమట్టి చేతిలో పెట్టండి. ‘ఇది మహారాష్ట్ర నుంచి కూడా వచ్చి ఉండొచ్చు తెలుసా’ అంటే కళ్ళు పెద్దవి చేస్తారు. అలాంటి మట్టి వేల ఏళ్ళు పేరుకుంటేనే డెల్టా అయిందని అప్పుడు చెబితే అర్థమవుతుంది.

ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేయించిన ఆనకట్ట గురించి ఇక్కడి పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీకీ ఆయన పేరే. నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. కాటన్ మ్యూజియంలో నమూనాలు చూపించి, బ్యారేజీ మీద నుంచి నదిని చూపిస్తే ఎగువన నిండుగా, దిగువన ఇసుక మేటలతో ఎందుకుందో వాళ్ళే చెబుతారు.

వర్షాకాలంలో డెల్టా ఇళ్ళల్లో తరచూ వినిపించే అంకెలు మూడు. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. టీవీలో పెద్దవాళ్ళు ఆందోళనగా వినే ఈ అంకెల్ని పిల్లలు నోటుపుస్తకంలో రోజూ రాసుకుంటే? తేదీ ఒక పక్క, నీటిమట్టం ఒక పక్క. పది రోజులు రాస్తే గీత ఎక్కడం, దిగడం తెలుస్తుంది. ఎగువన భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ఇక్కడికి ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది. 1986 ఆగస్టు వరదను తాతయ్యలు, 2022 జులై వరదను అమ్మానాన్నలు చెప్పగలరు. ఆ మాటలు కూడా ఆ పుస్తకంలోనే చేరితే, అది లెక్కల పుస్తకం, చరిత్ర పుస్తకం, ప్రకృతి పుస్తకం అన్నీ అయినట్టే.

వరదతో పాటే పులస వస్తుంది. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అనే మాట నవ్వులాటకు అంటారు గానీ, ఆ చేప ఎందుకొస్తుందో ఎంతమంది పిల్లలకు తెలుసు? సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస. గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ గోదావరిలోకి వస్తుంది. తల్లి చేప ప్రయాణాన్ని చేపే చెబుతున్నట్టు రాయమంటే ఎనిమిదేళ్ళ పిల్లవాడు కూడా పేజీ నింపేస్తాడు. దారిలో వల ఉంటుంది, ఆనకట్ట ఉంటుంది. కథ దానంతటదే నడుస్తుంది.

కాలువ గట్టున... గిజిగాడి ఇల్లు

కడియం నర్సరీలు దాటి కోనసీమలోకి దిగితే కాలువలు, కొబ్బరిచెట్లు, వరిచేలు. ఇక్కడ బడి పెట్టడానికి గోడలక్కర్లేదు. తొలకరి పడ్డాక కాలువ గట్టు తాడిచెట్ల వైపు చూడండి. మట్టలకు వేలాడుతూ గిజిగాడి గూళ్ళు. జాషువా పద్యాల్లో గిజిగాడిని చదువుకున్న తరాలు ఎన్నో. చదివిన వాళ్ళలో గూడు కింద అరగంట నిలబడి చూసినవాళ్ళు ఎంతమంది?

నిలబడితే తెలిసేవి చాలానే ఉంటాయి. వరి ఆకునో, తాటాకునో పీచుపీచుగా చీల్చి తెచ్చి అల్లేది మగపక్షి. సగం అల్లాక ఆడపక్షి వచ్చి లోపలికెళ్ళి చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం, కిందికి దిగే గొట్టం పూర్తవుతాయి. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. చెట్టుకు ఎన్ని నిండు గూళ్ళు, ఎన్ని సగం గూళ్ళు ఉన్నాయో లెక్కపెట్టమంటే పిల్లలకు అదో ఆట.

గిజిగాడు గూట్లో మట్టిముద్ద పెట్టి దానికి మిణుగురు పురుగును అంటించి దీపం పెట్టుకుంటుందని పల్లెల్లో కథ. దీన్ని విని ‘అంతా అబద్ధం’ అని కొట్టిపారేయకూడదు. ‘నిజమో కాదో ఎలా తెలుసుకుందాం?’ అని అడగాలి. గాలికి రాలిపడిన పాత గూడు దొరికితే విప్పి చూడొచ్చు. మట్టి నిజంగానే ఉంటుంది! గాలికి ఊగకుండా బరువు కోసమని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మిణుగురు మాత్రం దొరకదు. కథలో ఎంత నిజముందో, ఎక్కడి నుంచి ఊహ మొదలైందో పిల్ల తనే కనుక్కుంటుంది. ఇంతకన్నా పెద్ద సైన్సు పాఠం ఏముంటుంది!

ఆరుద్ర కార్తె కూడా అలాంటిదే. జూన్ మూడో వారం దాటాక వానలకు నేల తడిసి, ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. అరచేతిలో పెట్టుకుని కాళ్ళు లెక్కపెట్టమనండి. ఎనిమిది! కీటకాలకు ఆరే కదా... అంటే పేరుకు పురుగే గానీ ఇది సాలీడు చుట్టం. ఒకసారి లెక్కపెట్టిన పిల్ల జన్మలో మర్చిపోదు. పదమూడు, పద్నాలుగు రోజులకో కార్తె, ఏడాదికి ఇరవై ఏడు. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండ, మృగశిరలో తొలకరి, ఆరుద్రలో ఈ పురుగు. రైతు తాతయ్యకు నోటికొచ్చిన ఈ పంచాంగాన్ని పిల్లలు కార్తెకో పేజీ చొప్పున రాస్తే ఏడాది తిరిగేసరికి ఆ ఊరి ప్రకృతి చరిత్ర తయారవుతుంది. కార్తె తప్పి వాన వచ్చిన ఏడాది కూడా అందులో దొరుకుతుంది.

కోరింగ... ఊపిరి పీల్చే వేళ్ళు

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో చొల్లంగి దాటగానే కోరింగ. 1978లో ఏర్పడిన ఈ అభయారణ్యం విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడుస్తూ లోపలికెళితే బయటి ఎండ మరిచిపోతాం. పిల్లలు మొదట అడిగేది కింద బురదలో గుచ్చినట్టున్న పెన్సిళ్ళ గురించే. అవి తెల్లమడ చెట్టు వేళ్ళు. బురదలో గాలి ఆడదు కాబట్టి ఊపిరి కోసం వేళ్ళే పైకి తల ఎత్తాయి. ఆకు మీద తెల్లటి పొడి కనిపిస్తే అది ఉప్పు. చెట్టు తాగిన ఉప్పునీటిలోని ఉప్పుని ఆకుల ద్వారా బయటికి నెట్టేస్తుంది. ఉప్పుపొన్న కాయ ఇంకో వింత. చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మునక్కాడలా వేలాడి, బురదలో పడి నాటుకుంటుంది. నీరు ఎక్కువుంటే తేలుకుంటూ వెళ్ళి ఇంకోచోట పాతుకుంటుంది.

పాటు సమయంలో వెళితే బురదలో గెంతే చేపలు, ఒక డెక్క మాత్రం పెద్దదిగా ఉన్న పీతలు కనిపిస్తాయి. ఆ పెద్ద డెక్క మగవాటికే. పోటు వచ్చాక అదే చోట నీళ్ళు. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువని మత్స్యకారుల పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. పట్నం పిల్లలు వాళ్ళని అడిగి నేర్చుకోవాలి. బావురు పిల్లి, నీటికుక్క కనిపించడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. బురదలో వాటి అడుగుజాడలు కనిపించినా చాలు... బొమ్మ గీసుకుని, ఎటు నుంచి ఎటు వెళ్ళిందో ఊహించి కథ రాయొచ్చు.

ఆవల సముద్రంలో కాకినాడకు అడ్డుగోడలా హోప్ ఐలాండ్. గత రెండు శతాబ్దాలలో గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో ఏర్పడిన దిబ్బ అది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో గుంట తవ్వి ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి నేరుగా నీళ్ళ వైపు పరుగెడతాయి. ఒడ్డున వెలిగే దీపాలు వాటికి దారి తప్పిస్తాయి. వలల్లో చిక్కి చనిపోయిన తల్లి తాబేళ్ళు కూడా తీరానికి కొట్టుకొస్తాయి. అదీ పిల్లలు చూస్తారు. దాచాల్సిన పనిలేదు. వాళ్ళు అడిగే ప్రశ్నలకే పెద్దవాళ్ళు జవాబు వెతుక్కోవాలి.

ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. ఇక్కడి నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళను బర్మాలో ‘కోరంగీలు’ అనే పిలిచేవాళ్ళు. 1789లో ఓసారి, 1839 నవంబరులో మరోసారి తుఫాను ఉప్పెనలు ఆ రేవును ముంచేశాయి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగిన సంగతి ఇప్పటి తల్లిదండ్రులకు బాగా గుర్తు. అలల ఉధృతికి మొదట ఎదురు నిలబడేది ఈ మడ చెట్లే. 1990లలో రొయ్యల చెరువుల జోరులో తీరమంతటా మడ పోయినప్పుడు పోయింది కట్టెలు కాదు, ఆ కంచె. ‘మడ చెట్టును ఎందుకు కొట్టకూడదు’ అనే వ్యాసం బట్టీపట్టిన పిల్లకీ, ఊపిరి వేళ్ళ మధ్య నడిచొచ్చిన పిల్లకీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఎవరి మాటల్లో రాయాలి?

చూడటం ఒక ఎత్తు. చూసింది రాయడం ఇంకో ఎత్తు. పిల్లలు రాయడానికి భయపడేది చూసింది లేక కాదు, తప్పులు పోతాయని. ‘పిట్ట తుర్రుమంది’ అని రాస్తే ‘పక్షి ఎగిరిపోయినది’ అని దిద్దే పెద్దవాళ్ళు ఉన్నంతకాలం ఆ పుస్తకం తెరుచుకోదు.

ఈ గొడవ కొత్తది కాదు. పిల్లలకు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని జీవితాంతం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) చివరి ఏళ్ళు గడిపింది రాజమండ్రిలోనే. సవర పిల్లల కోసం ఆయన ముందు సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు తయారుచేశారు. ‘బుడుగు’ నోట పిల్లల మాటను పిల్లల మాటగానే పలికించిన ముళ్ళపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరంలో. కోనసీమలోని ముంగండ మహీధర కుటుంబం నుంచి వచ్చిన భౌతిక శాస్త్రవేత్త మహీధర నళినీమోహన్ ‘క్యాలెండర్ కథ’, ‘పిడుగు దేవర కథ’ వంటి పుస్తకాల్లో సైన్సును కబుర్లలా చెప్పారు. పేర్లలోనే కథ ఉంది చూశారా! జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రికదీ అదే దారి. అంటే మనకు మార్గం వేసినవాళ్ళు ఉన్నారు, నడవడమే తరువాయి.

ఇంకా రాయడం రాని పిల్లలైతే బొమ్మ గీస్తారు. పక్కన వాళ్ళు చెప్పింది చెప్పినట్టు అమ్మ రాయాలి. ‘పీత నాకు టాటా చెప్పింది’ అంటే అలాగే రాయాలి. రెండో తరగతి పిల్లలకు మూడు వాక్యాలు చాలు... ఏం చూశాను, ఎక్కడ చూశాను, నాకు ఏం అర్థం కాలేదు. ఈ మూడో వాక్యమే ముఖ్యం. నెల తరువాత దానికి జవాబు దొరికితే అదే పేజీలో కింద రాసుకోవచ్చు.

పోయేవి మాటలు కూడా

గోదావరి జిల్లాల పిల్లలు ఇప్పుడు తెల్లవారకముందే స్కూలు బస్సెక్కుతున్నారు. కాలువ పక్కనే ఇల్లున్నా గట్టు మీదికి పంపడానికి భయం. ఆ భయంలో తప్పులేదు, నీళ్ళు నీళ్ళే. కానీ లకుముకి పిట్టను చూసి ఇంగ్లీషు పుస్తకంలోని పేరు చెప్పగలిగిన పిల్లకు, అమ్మమ్మ పిలిచే పేరు తెలియడం లేదు. మడ, ఉప్పుపొన్న, తిల్ల, పోటు, పాటు, మేట, ఒండ్రు... ఇవి వాడేవాళ్ళు అరవై దాటిన వాళ్ళే అవుతున్నారు. పేరు తెలియని దాన్ని పోగొట్టుకున్నా తెలియదు. రెండు పేర్లూ రాసుకునే పుస్తకం ఒకటి ఇంట్లో ఉంటే ఇంగ్లీషుకూ నష్టం లేదు, తెలుగుకూ నష్టం లేదు.

పూర్వం ఈ ప్రాంతంలో సప్తసాగర యాత్ర చేసేవాళ్ళు. చొల్లంగి అమావాస్యనాడు మొదలుపెట్టి, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోటల్లా స్నానం చేసుకుంటూ మాఘమాసంలో అంతర్వేది చేరేవాళ్ళు. ఇప్పటికీ వెళ్ళేవాళ్ళున్నారు. పుణ్యం సంగతి ఎలా ఉన్నా, తన నది ఎక్కడెక్కడ ఎలా ముగుస్తుందో ఆ యాత్రికుడు కాళ్ళతో తెలుసుకునేవాడు. మన పిల్లలకు ఏడు రేవులూ చూపించలేకపోవచ్చు. ఈ మాఘంలో ఒక్క బూరుగు చెట్టు చూపించగలం కదా. చూశాక, ఆ రాత్రి కథ చెప్పే వంతు మనవరాలిది. ‘అమ్మమ్మా, ఆ చెట్టు మీద పావురాలు లేవు. గోరింకలున్నాయి. రాసుకున్నాను చూడు’ అంటుంది.

పిల్లలతో వెళ్ళేటప్పుడు...

* గట్టు మీద, రేవులో, పడవలో పిల్లల చెయ్యి వదలొద్దు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి. వరద రోజుల్లో నది దగ్గరికి వెళ్ళొద్దు.
* కోరింగకు శీతాకాలం అనువైనది. పడవలు పోటుపాట్లను బట్టి నడుస్తాయి కాబట్టి ముందే కనుక్కోండి.
* మడ అడవిలో ఏ కొమ్మా తుంచనివ్వొద్దు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం.
* గూళ్ళు, గుడ్లు ముట్టుకోవద్దు. రాలినవే ఏరాలి. ఆరుద్ర పురుగును చూశాక ఎక్కడ తీశారో అక్కడే వదలాలి.
* వెంట తీసుకెళ్ళాల్సింది గీతలు లేని నోటుపుస్తకం, పెన్సిలు. ఫోను అమ్మానాన్నల జేబులోనే ఉండనివ్వండి.
* ఒక్కరోజులో అన్నీ చూపించాలనుకోవద్దు. ఒకే చెట్టును ఏడాది పొడవునా చూపించడం మేలు.